కదలని మనిషికి వెలగని తెర

మా బావమరిది మీద నాకున్న కోపాన్ని తీసుకెళ్లి వంశధారలో పోస్తే గొట్టా బ్యారేజీ గేట్లన్నీ ఎత్తాల్సి వస్తుంది. ఆ కోపానికి చాలా ఏళ్ల చరిత్ర ఉంది గానీ, ఇక్కడ చెప్పేది మా గృహప్రవేశం నాటి నుంచి జరిగిన ముచ్చట. ఇందులో పెద్ద పాత్ర మా హాలు గోడకు తగిలించిన ఒక తెరది. దానికంటే పెద్ద పాత్ర, తెర పక్కన మినప వడంత సైజులో అతుక్కుని కూర్చున్న తెల్లటి కన్నుది.

నరసన్నపేటలో ఇల్లు కట్టుకున్నవాడికి చుట్టాలు ఇత్తడి బిందెలు తెస్తారు, గోడ గడియారాలు తెస్తారు. నాకు ఒకేరోజు తొమ్మిది గడియారాలు వచ్చాయి, తొమ్మిదీ తొమ్మిది టైములు చూపించేవి. గరివిడి ఫ్యాక్టరీలో కరెంటు పని చేసే నా బావమరిది మాత్రం ఈ తెర తెచ్చాడు. గోడలో సగం అది ఆక్రమించుకుంది, మిగతా సగంలో మేం కాపురం చేస్తున్నాం. పక్కనున్న వడ పేరు మోషన్ సెన్సర్. మనిషి కదిలితే తెర వెలుగుతుంది. నిమిషం పాటు ఎవరూ కదలకపోతే ఇంట్లో మనుషులు లేరనుకుని, ముందు వెలుగు తగ్గించి, తర్వాత కరెంటే కట్టేస్తుంది. పొద్దున్నే నేను పళ్లు తోముకోడానికి వెళ్తుంటే భగ్గున వెలిగి, గుమ్మడికాయలంత అక్షరాలతో ‘ఈ రోజు ఉక్కపోత’ అని చూపిస్తుంది. నరసన్నపేటలో పుట్టి పెరిగినవాడికి వేసవిలో ఆ సంగతి ఒక యంత్రం చెప్పాలా?

భోజనాల వేళ వాడు ఆ తెరని చుట్టాలందరికీ చూపించాడు. హాల్లోకి అడుగు పెడితే వెలిగేది. అందరూ ఆహా అన్నారు. అల్లుడిని, ఇంటి యజమానిని, నన్ను ఎవరూ చూడలేదు. కడుపు మండి గట్టిగా అనేశాను: “పాట రానోడికి స్విచ్చులే దిక్కు!”

పప్పు వడ్డిస్తున్న గరిటె గాల్లో ఆగిపోయింది.

ఆ మాట ఎందుకంత గుచ్చుకుందో చెప్పాలి. మా ఆవిడ పుట్టిల్లు శ్రీముఖలింగం దగ్గర. గుడిలో పాడే వంశం. ఏడు తరాలంటారు, నేను లెక్కపెట్టలేదు. పాడేటప్పుడు ఒళ్లు కదలకూడదన్నది మా మామగారి చట్టం. తల ఊపకూడదు, భుజం ఎగరకూడదు, తాళం కూడా లోపలే వేసుకోవాలి. పిల్లల్ని కూర్చోబెట్టి మోకాలి మీద నిండు గ్లాసు నీళ్లు పెట్టేవారు. చుక్క ఒలికితే పాట మళ్లీ మొదటికి. మా ఆవిడ పదేళ్లకే వర్ణం మొత్తం పాడి, గ్లాసు నిండుగా తిరిగి ఇచ్చేదట. తమ్ముడు మాత్రం బాల్యమంతా తడి నిక్కరుతో గడిపాడు. ఒకరోజు ఆ నీళ్లు తంబూరా మీద పోసి లేచిపోయాడు, మళ్లీ పాడలేదు. తర్వాత ఐటీఐలో చేరాడు. ఇదంతా తెలిసే నేను ఆ మాటన్నాను. తెలియక అన్నానని చెప్పుకునే వీలు కూడా లేదు.

ఆ రోజు నుంచి వాడికీ నాకూ మాటల్లేవు. తెర మాత్రం రోజూ నన్ను పలకరిస్తూనే ఉంది.

ఇంతలో విజయనగరం వైపు ఒక సంగీత పాఠశాల నుంచి మా ఆవిడకి కబురొచ్చింది. గాత్రం పంతులమ్మ ఉద్యోగం. జీవితమంతా నా బదిలీల వెనకాల తంబూరా మోసుకు తిరిగిన మనిషి. ఈ ఏడు దాటితే వయసు మించిపోతుంది, మళ్లీ పిలుపు రాదు. పరీక్ష ఇంటి దగ్గర్నుంచే, వీడియోలో. కూర్చున్న తీరుకి కూడా మార్కులుంటాయి కాబట్టి మనిషి మొత్తం కనపడాలన్నారు. ఫోను దగ్గర పెడితే మెడ వరకే వస్తోంది, దూరం జరిపితే గొంతు అందటం లేదు. ఇక మిగిలింది, నెత్తిన కెమెరా, మైకూ ఉన్న ఆ గోడ మీద తెరే.

ముందురోజు సరి చూసుకుందామని చాప మీద కూర్చుని కళ్లు మూసుకుని రాగం ఎత్తుకుంది. నిమిషం తిరగ్గానే తెర మసకబారింది, ఆపైన ఆరిపోయింది. నిండుగా పాడుతున్న మనిషి ఎదురుగా ఉండగా, ఆ కన్ను ఇంట్లో ఎవరూ లేరని తేల్చేసింది!

“ఓపాలి తల ఊపరాదేటి?” అన్నాను.

మా ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపుకి అప్పడాలు కాల్చుకోవచ్చు. “ముప్పై ఏడేళ్లు కదలకుండా పాడినాను. ఇప్పుడు గోడ మీద వడ కోసం తలాడించమంటారా?”

టేబుల్ ఫ్యానుకి తువ్వాలు కట్టి ఊపించాను. కన్ను పట్టించుకోలేదు. ఇక దారి లేక, పళ్లు కొరుక్కుంటూ బావమరిదికి ఫోను చేశాను.

“ఏటి బావా, స్విచ్చులోడితో పని పడినాదా?”

“ఒరే, నీ కన్ను పీకీసి అవతల పారేస్తాను.”

“పీకు. తెరకి కరెంటు దాన్లోంచే ఎల్తన్నాది. రెండూ సస్తాయి.”

“తువ్వాలు ఊపితే సూడదేం?”

“తువ్వాలికి ఒంట్లో వేడుంటాదేటి? వేడున్న ఒళ్లు కదిలితేనే సూస్తాది. నీకు వేడికేటి తక్కువ, నువ్వే ఊగు.”

“వచ్చి మార్చీరాదా?”

“వస్తాను. ఆ రోజన్న మాట ఎనక్కి తీసుకో.”

ఫోను పెట్టేశాను. పక్కన నిలబడి అంతా విన్న మా ఆవిడ, “ఇద్దరూ కలిసి నా నోట్లో మట్టి కొట్టండి” అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పది గంటలు. తెర మీద ముగ్గురు పరీక్షకులు, మధ్యలో కళ్లద్దాల పెద్దావిడ. మా ఆవిడ చాప మీద రాతి విగ్రహంలా కూర్చుని పాట మొదలుపెట్టింది. నేను కెమెరాకి దొరక్కుండా గోడవారన, ఆ కన్ను కింద నిలబడి, చేటతో ధాన్యం తూర్పారబట్టేవాడిలా చేతులు ఊపడం మొదలుపెట్టాను. ఐదు నిమిషాలకి భుజాలు ఊడిపోయాయి. పదో నిమిషానికి లుంగీ ఊడే పరిస్థితి వచ్చింది. మా నాన్న పొలంలో పనిచేసిన ఏ ఎద్దూ అంత కష్టపడలేదు.

అప్పుడు వీధి తలుపు మెల్లగా తెరుచుకుంది. చంకలో హెల్మెట్, మీసాల మీద రెండు జిల్లాల దుమ్ముతో బావమరిది! అక్క రాత్రి ఫోను చేసి ఏడ్చిందట. నన్ను చూసి వాడి మొహం పండగైపోయింది.

నోరెత్తితే పాటలో పడుతుంది. వచ్చి మార్చమని సైగ చేశాను. తెర ఆర్పితే గాని మార్చలేనని వాడు రెండు చేతులూ చాపి చూపించాడు. అంతటితో ఊరుకోవచ్చు కదా! నా వైపు వేలు చూపి, నోరు చూపి, వేళ్లతో స్విచ్చు తిప్పి, చెయ్యి వెనక్కి లాగాడు. ఆ మాట వెనక్కి తీసుకోవాలట. నేను మోకాలు పైకెత్తి, దాని మీద లేని గ్లాసు పెట్టి, గడగడ వణికి, లేని నీళ్లు ఒలకబోసి, నిక్కరు పిండినట్టు చూపించాను.

వాడి చెవులు మిరపపళ్లయ్యాయి. హెల్మెట్ పైకెత్తాడు. నేను చీపురు అందుకున్నాను. వాడు నా పొట్టని గాల్లో కొలిచి చూపించాడు, నేను వాడి బట్టతలకి నూనె రాసి చూపించాను. వాళ్ల వంశం, మా వంశం, పెళ్లిలో మాకు తక్కువైన బూరెలు, అన్నీ చేతులతోనే తిట్టుకున్నాం. నోటితో ఇంత బాగా ఎప్పుడూ తిట్టుకోలేదు.

చివరికి ఇద్దరం అలిసి, ఆయాసపడుతూ, ఒకళ్ల కళ్లలోకి ఒకళ్లు గుడ్లురుముతూ కొయ్యబారి నిలబడిపోయాం. మా ఆవిడ గొంతు పై స్థాయికి ఎక్కుతోంది. సరిగ్గా అప్పుడే తెర మసకబారింది. ముందు చూసింది వాడే. కదిలినందుకు చిన్నప్పుడంతా నిక్కరు తడుపుకున్నవాడు, హెల్మెట్ పరుపు మీదికి విసిరేసి రెండడుగుల ఎత్తు గంతేశాడు. వాడి వెనకే నేనూ గంతేశాను. తెర వెలిగింది. అక్కడ గొంతు తొణకలేదు.

పాట అయింది. కళ్లద్దాలావిడ, “బాగుందమ్మా. ఇంకో కీర్తన పాడండి, నిదానమైనది” అంది. గొంతు తడుపుకుంటానని చెప్పి మా ఆవిడ మైకు కట్టేసింది. గ్లాసులో సగం తాగి, మిగతాది తమ్ముడి చేతికిచ్చి, మా ఇద్దరి వంకా చూసింది.

“ఆగిపోనారేటి? ఇంకోటి పాడమంటన్నారు. కొట్టుకోండి.”

పాట మొదలైంది. బావమరిది గ్లాసు వంక చూశాడు, నా వంక చూశాడు. తీరిగ్గా, ఒక్కో చుక్కా లెక్కపెడుతున్నట్టు, ఆ నీళ్లన్నీ నా లుంగీ మీద మోకాళ్ల దగ్గర పోశాడు. అరవడానికి లేదు. ఎగిరెగిరి గంతులేశాను. కీర్తన అయ్యేవరకూ తెర పగలబడి వెలిగింది.

ఉద్యోగం వచ్చింది. కాగితం అందిన రోజు బావమరిదే వచ్చి కన్ను పీకి, తెరకి మామూలు స్విచ్చు బిగించాడు. వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

“ఇప్పుడైనా ఆ మాట ఎనక్కి తీసుకుంటావా, బావా?”

“ముందు నా లుంగీ ఆరనీరా” అన్నాను.