ఒక్క ఫోటో చాలన్న అక్క

నా చిన్నప్పుడు మా కొడవలూరు వైపు సూది వెయ్యని డాక్టరును డాక్టరుగా లెక్కేసేవారు కాదు. ఎంత ఎక్కువ వైద్యం చేస్తే అంత మంచి ఆసుపత్రి. ఏడేళ్ళప్పుడు నాకు దవడ వాచి అన్నం నమలలేకపోతుంటే, అమ్మ ఆ నమ్మకంతోనే నన్ను నెల్లూరులో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

ఎక్స్‌రే గదిలో ఫోటోలు తీసే అక్క ఒకామె ఉంది. ఎక్స్‌రే కిరణాలు ఒంటికి తగలకుండా బరువైన సీసపు కోటు ఒకటి నాకు మెడ దాకా కప్పింది.

"ఇంత దూరం బస్సులో వచ్చినాం, పళ్ళన్నిటికీ ఫోటోలు తీసెయ్యమ్మా," అంది అమ్మ.

"నొప్పి ఒక్క పంటికే గదక్కా. ఒక్క ఫోటో చాలు," అని ఆ అక్క నవ్వి, అమ్మను గది బయటికి వెళ్ళమంది. నేను గొంతు చించుకుని ఏడ్చాను. కదిలితే ఫోటో చెదురుతుంది, చెదిరితే మళ్ళీ తీయాలి. ఆ రెండోసారే ఆమెకు ఇష్టం లేదు.

కోప్పడలేదు. నోట్లో పెట్టే ఫిలిమంత అట్టముక్క కత్తిరించి నా పంటి పక్కన పెట్టి, ఐదు లెక్కపెట్టేదాకా కదలొద్దంది. మొదటిసారి ఉమ్మేశాను. తర్వాత నవ్వొచ్చింది. బయట జనం గొణుగుతున్నా ఆమె తొందరపడలేదు. నాలుగోసారికి బుద్ధిగా కూర్చున్నాను. అప్పుడు అసలు ఫిలిం పెట్టి, గోడ వెనక్కి వెళ్ళి, ఒక్కసారే తీసింది.

"ఏం నొప్పెయ్యలేదే!" అన్నాను గొప్పగా.

"ఆ కిరణాలు కనపడవు, నొప్పీ పుట్టదు పాపా. అందుకే మనమే చూసి వాడుకోవాల," అంది.

అయినా అమ్మను పంపేసిందన్న కోపం నాకు చాలా ఏళ్ళు పోలేదు. పెద్దయ్యాక అమ్మే చెప్పింది. అప్పటికి తమ్ముడు కడుపులో పడి రెండు నెలలట. అంతకుముందు ఒకసారి కడుపు నిలవలేదు. దిష్టి తగులుతుందని మూడో నెల నిండేదాకా ఇంట్లో కూడా చెప్పుకోలేదు. ఆ అక్క అడిగినా అమ్మ నిజం చెప్పేది కాదు. ఆమె అడగనే లేదు. ఆ కిరణాలు కడుపులో బిడ్డకు మంచివి కావు, ఏ ఆడమనిషి ఏం దాచుకుందోనని అందరినీ బయటికే పంపేదట. అమ్మ లోపల ఉన్నా ఏమీ అయ్యేది కాదేమో. అక్కరలేనిది రవ్వంతయినా ఎందుకన్నది ఆమె పట్టుదల.

ఇప్పుడు మనవరాలికి ఎక్స్‌రే అన్నా "ఇది తప్పదా, పాతది సరిపోదా?" అని అడుగుతాను. డాక్టర్లు విసుక్కున్నా నాకు లెక్కలేదు. నోరు విప్పి చెప్పుకోలేని మనిషిని కూడా ముందే కాపాడిన ఆ అక్క ఎక్కడున్నా చల్లగా ఉండాలని, తమ్ముడు నా ఇంట్లో కూర్చుని అన్నం తింటున్నప్పుడల్లా అనుకుంటాను.