మా పడవను మెచ్చుకోని పెద్దమనిషి

మా కింది వాటాలో ఉండే పడవల ఇన్‌స్పెక్టర్ అంకుల్ పోయారు. మొన్న పొద్దున ఆంటీ మెట్ల దగ్గర నిలబడి నన్ను పిలిచిన తీరుకే నాకు సంగతి తెలిసిపోయింది. భూస్థాపనకు మా కార్ఖానా వీధి వీధంతా వచ్చింది. ఆయన చేత చీవాట్లు తిన్న కథలు చెప్పుకుని నవ్వుకున్నవాళ్ళే అందులో ఎక్కువ. నేను ఏడ్చాను, నవ్వాను కూడా.

సికింద్రాబాదులో సముద్రమెక్కడిది, పడవల ఇన్‌స్పెక్టరెక్కడివాడు అని మీరడుగుతారు. ఆయన ఉద్యోగమంతా కాకినాడ వైపు. కూతురు మౌలాలిలో టీచరని రిటైరయ్యాక ఇటొచ్చేశారు. ఉద్యోగం వదిలినా బుద్ధి వదల్లేదు. సినిమా హాల్లో సీటు కంటే ముందు బయటికి పోయే తలుపు వెతికేవారు. షేర్ ఆటో నిండితే దిగిపోయేవారు. "కూసోండి సార్, జెర సర్దుకుంటరు" అని డ్రైవరు బతిమాలినా, "ఒక్కణ్ణి ఎక్కువయ్యాను బాబూ" అని నడక మొదలుపెట్టేవారు. ఎండలో ఆయన వెంట నడిచి నేను తిట్టుకున్న రోజులున్నాయి.

సాయంత్రాలు అరుగు మీద కూర్చుని తన పడవల కథలు చెప్పేవారు. తనిఖీ రోజున నీళ్ళలో పడ్డవాళ్ళకు విసిరే ఒకే లైఫ్‌బాయ్ చక్రం పడవ నుంచి పడవకు తిరిగేదట. పాత పేరు చెరిపి కొత్త పడవ పేరు రాసేవారు. ఈయన వేలితో రుద్దితే పచ్చి రంగు వేలికంటుకునేది. "యజమానులు చెడ్డవాళ్ళు కారమ్మా," అనేవారు. "వేట లేని రోజుల్లో చక్రం కొను, ఫస్ట్ ఎయిడ్ మందుల డబ్బా కొను అంటే ఎవడికైనా కడుపు మండుతుంది. కానీ ఒక్కో రూలుకీ మునిగిన పడవొకటుంది. కొన్నిటి పేర్లు నాకు తెలుసు." ఆ పేర్లు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ఇంతలో మా ఆయనే పడవ యజమాని అయ్యాడు. మాది టెంట్‌హౌస్. పెళ్ళిళ్ళకు షామియానాలు, కుర్చీలు ఇచ్చుకునే మనిషికి ఊరవతల చెరువులో షికారు పడవ నడిపే అవకాశం వచ్చింది. ఉన్నదంతా దాంట్లో పెట్టాడు, నా గాజులతో సహా. సోమవారం సర్కారు తనిఖీ. పాస్ కాకపోతే ఆ అవకాశం ఇంకొకరికి పోతుంది. అందుకని ఆదివారమే అంకుల్‌ను చెరువు దగ్గరికి పిలిచి పడవ చూపించాడు. నిజం చెప్పాలంటే, మా ఆయనకు సర్కారు ముద్ర ఎంత కావాలో, అంకుల్ నోట "బాగుంది" అన్న మాటా అంతే కావాలి.

అంకుల్ చర్చి నుంచి నేరుగా వచ్చారు, ఇస్త్రీ తెల్లచొక్కాతో. పడవంతా తట్టి చూసి, "లైఫ్ జాకెట్లేవీ?" అన్నారు. మా ఆయన గర్వంగా సీటు కింది పెట్టె చూపించాడు. పెట్టెకు తాళం. లోపల ఒక్కో జాకెట్టూ ప్లాస్టిక్ కవర్లో, కవరుకు సుతిలి ముడి. టీవీ రిమోట్‌కు కూడా కవరు విప్పని ఇల్లు మాది.

"కొత్తవి గదా అంకుల్, ఖరాబైతయని," అన్నాడు.

అంకుల్ వాచీ విప్పి నా చేతికిచ్చారు. చెప్పులు విడిచి, ఒడ్డు పక్కనే నడుము లోతు నీళ్ళలోకి నెమ్మదిగా దిగారు.

"అరె, ఏం జేస్తున్నరంకుల్?"

"మునిగిపోతున్నాను బాబూ. జాకెట్టియ్యి."

తాళంచెవి స్కూటర్ డిక్కీలో ఉంది. మా ఆయన పరుగెత్తాడు, తెచ్చాడు, తీశాడు. ముడి రాలేదు. పళ్ళతో కొరికాడు. ప్లాస్టిక్ సాగింది కానీ చిరగలేదు. నీళ్ళలోంచి అంకుల్ ఓపిగ్గా, "ఇంకా రాలేదేంటి బాబూ, నేను పోయాను," అన్నారు. ఒడ్డు మీద నేనూ, మా టెంట్‌హౌస్ కుర్రాళ్ళూ కడుపు పట్టుకుని నవ్వాం. మా ఆయన ఒక్కడే నవ్వలేదు.

"నేను నిలబడగలిగే చోట దిగాను. పడేవాడు చోటు చూసుకుని పడడు," అన్నారు అంకుల్ పైకొచ్చి.

ఆ మధ్యాహ్నమంతా కూర్చుని కవర్లన్నీ విప్పాం. సాయంత్రానికి అల్వాల్ నుంచి మా ఆడబిడ్డ బంధుబలగంతో దిగింది. అందరూ జాకెట్లు తొడుక్కుని కూర్చున్నాక సీట్లు నిండాయి, ఆమె మిగిలిపోయింది. "తమ్ముని పడవల అక్కకు జాగ లేదా?" అంది. మా ఆయన అంకుల్ వైపు చూశాడు. అంకుల్ చొక్కా అంచున ఎండిన బురద దులుపుకుంటూ ఎటో చూస్తున్నారు.

"అక్కా, రెండో ట్రిప్పుల రా," అన్నాడు మా ఆయన. ఆ మాట అనడానికి ఎంత కష్టపడ్డాడో నాకు తెలుసు.

ఆమె మొహం ముడుచుకుంది. అంకుల్ పల్లీల పొట్లంతో ఆమె పక్కకు చేరారు. "నేనూ రెండో ట్రిప్పేనమ్మా. పడవకి చుట్టరికాలు తెలియవు గదా." ఆమె నవ్వలేదు గానీ పల్లీలు తీసుకుంది.

సోమవారం పాసయ్యింది. మా ఆయన మిఠాయి పట్టుకుని కిందికి పరుగెత్తాడు. "ఇప్పుడన్న బాగుందనున్రి అంకుల్!"

"వానాకాలం వెళ్ళనీ బాబూ."

వానాకాలం వెళ్ళింది. "వేసవి సెలవుల రద్దీ చూడనీ," అన్నారు. ఇలా ఏళ్ళు గడిచాయి. వచ్చినప్పుడల్లా తాళ్ళు లాగి చూసేవారు, ఇంజను వాసన చూసేవారు, తలలు లెక్కపెట్టేవారు. చెరువు చూడమంటే, "మీరు చూడండి" అనేవారు. ఇంత మొండి మనిషిని నేనెక్కడా చూడలేదు, ఇంత ఇష్టపడిందీ లేదు.

పోయిన నెల ఆంటీతో కలిసి షికారుకు వచ్చారు. జాకెట్టు తొడుక్కుని కిటికీ పక్కన కూర్చున్నారు. తాడు ముట్టుకోలేదు. తలలు లెక్కపెట్టలేదు. మా ఆయనకు కంగారు పుట్టింది.

"ఏందంకుల్, చెక్ జెయ్యరా ఇయ్యాల?"

"ఇవాళ ప్యాసింజర్ని బాబూ."

కాసేపు నీటికోళ్ళను చూశారు. ఇది ఏ చెరువని అడిగారు, ఇన్నాళ్ళకు. తర్వాత పడవ నడిచెరువు దాటే లోపే, తల ఆంటీ భుజం మీదికి వాలింది. నోరు కొద్దిగా తెరుచుకుని, చిన్నగా గురక పెడుతూ, పడవల ఇన్‌స్పెక్టరు మా పడవలో హాయిగా నిద్రపోయారు. మా ఆయన ఒక్క క్షణం అలాగే చూసి, కళ్ళు తుడుచుకుని, ఇంజను చప్పుడు తగ్గించాడు. ఆ రోజు మాత్రం చెరువును రెండు చుట్లు తిప్పాడు.