అన్న గీసిన పెన్సిల్ గీత

నేను ఫిజిక్స్‌తో డిగ్రీ చదివినదాన్ని. దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయేదాన్ని. పాప నిద్రపోయాక ఇది రాస్తున్నాను. ఎవరినో నమ్మించాలని కాదు, జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలని.

మా అన్నకు ఆళ్లగడ్డలో రేడియోలు బాగుచేసే అంగడి ఉండేది. పోయిన వేసవిలో నంద్యాలలో రోజూ మధ్యాహ్నం కరెంటు పోయేది. ఆరు నెలల మా పాప ఒళ్ళంతా చెమటకాయలతో గుక్కపట్టి ఏడ్చేది. అన్న చూడలేక, లారీ బ్యాటరీతో ఫ్యాను తిరిగేలా ఒక ఇన్వర్టరు చేసి బస్సులో తెచ్చాడు. అటువంటిది మా వీధిలో ఎవరూ చూడలేదు.

రేకు పెట్టె. లోపల రెండు ట్రాన్సిస్టర్లు కరెంటుకు తలుపుల్లా వంతులవారీగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. ఒక్కోటి ఎంతసేపు తెరిచి ఉండాలో ముందున్న నాబ్ చెబుతుంది. ఎంత ఎక్కువసేపు ఉంటే ఫ్యానుకు అంత జోరు. నాబ్ పక్కన అన్న పెన్సిల్‌తో గీత గీశాడు.

"ఈ గీత దాటి తిప్పొద్దు మే. ఒకటి మూసుకున్నాకే ఇంకోటి తెరుచుకోవాల. నడుమ రవ్వంత సందు లేకుంటే రెండూ కాలిపోతాయి."

"నాకే పాఠాలు చెప్తాండావా? పదో తరగతి తప్పినోడివి."

"తప్పినా కాబట్టే నీ పాపకు గాలొస్తాంది పో," అని నవ్వాడు.

వారం తర్వాత పాపకు జ్వరమొచ్చింది. గాలి చాలడం లేదనిపించి నాబ్ చివరిదాకా తిప్పాను. టప్‌మని శబ్దం, మాడిన వాసన.

కబురందుకుని అన్న వచ్చాడు. "తిప్పినావా మే?" అన్నాడు. పక్కనే మా ఆయన ఉన్నారు.

"తాకనే లేదు. నీ పనే అంత," అన్నాను.

అన్న పెట్టె ముందు కూర్చున్నాడు. మాడిన ట్రాన్సిస్టర్లు విప్పి జేబులో వేసుకున్నాడు. బ్యాటరీ తీగలు తీసేసి, శుక్రవారం కొత్తవి తెస్తానని వెళ్ళాడు. తర్వాత చూశాను. నాబ్ ఇంకా చివరనే ఉంది. అన్న చూడకుండా ఉంటాడా?

గురువారం మధ్యాహ్నం కరెంటు పోయింది. పాపకు విసనకర్రతో విసురుతుంటే ఫ్యాను తిరగడం మొదలైంది. ఇన్వర్టరు మీద నడిచేటప్పుడు అది తేనెటీగల్లా రొద చేసేది. మామూలు కరెంటుకు ఆ రొద ఉండదు. ఇప్పుడు అదే రొద.

ఫ్యాను చప్పుడు విని గోడ అవతలి నుంచి పక్కింటి పెద్దమ్మ అరిచింది. "ఏమ్మా, మీకొక్కరికే వచ్చిందా ఏంది కరెంటు? మాకు రాలేదే!"

కాబట్టి అది నా భ్రమ కాదు.

పెట్టె దగ్గరికి వెళ్ళాను. బ్యాటరీ తీగలు నేల మీదే ఉన్నాయి. ట్రాన్సిస్టర్ల చోటు ఖాళీ. నాబ్ మాత్రం సరిగ్గా పెన్సిల్ గీత మీద ఉంది. నేను తిప్పలేదు. ఇంట్లో ఇంకెవరూ లేరు. పాప నిద్రపోయాక ఫ్యాను మెల్లగా ఆగింది.

సాయంత్రం బస్సు కండక్టరు చేత చీటీ వచ్చింది. మధ్యాహ్నం అంగడిలోనే అన్నకు గుండె ఆగింది. బల్ల మీద రెండు కొత్త ట్రాన్సిస్టర్లు ఉన్నాయట.

కర్మంతరాలయ్యాక వదిన అంది: "గీత నేనే తప్పు గీసినా, పాపం చెల్లెల్ని అనుమానించినా అని రెండు దినాలు ఒకటే బాధపడినాడమ్మా."

తిప్పింది నేనేనని అప్పుడూ చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

తీగ తగలకుండా ఫ్యాను తిరిగే దారి నా పుస్తకాలన్నీ తిరగేసినా దొరకలేదు. ఆ పెట్టె అలాగే ఉంది. దుమ్ము తుడిచేటప్పుడు కూడా నాబ్ జోలికి పోను. అన్నకు చెప్పిన ఆ ఒక్క మాట, తాకనే లేదన్నది, ఇప్పుడు నిజం చేస్తున్నాను.