అత్తమ్మ నడుం వాల్చిన చోటు

మా అత్తమ్మ ఏ ఇంటి నేలనైనా నడుం వాల్చి చూస్తే తప్ప నమ్మేది కాదు. పెళ్లిచూపులకు వచ్చిన రోజు కూడా మా గచ్చు మీద కాసేపు ఒరిగి లేచాకే, "పిల్ల మనకు నచ్చింది" అంది. నేను నచ్చానో, గచ్చు నచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మట్టెవాడలో మేము కొన్న ఇంటిని బిల్డరు అన్నీ పూర్తిచేసి తాళాలు చేతికిస్తానన్నాడు. టైల్స్ మాత్రం ఆ సాయంత్రంలోగా మేమే ఎంచుకోవాలి. లేదంటే తనకు నచ్చినవి వేసేస్తాడు. షోరూంలో నేల మీద రకరకాలు పరిచి ఉన్నాయి. మా ఆయన అద్దంలా మెరిసే తెల్లవాటి దగ్గర ఆగిపోయాడు.

"ముఖం చూసుకునేటందుకా కొడుకా? ఎండకాలం మనం పండుకునేది గీ బండల మీదనే గదా. జర ఆగు" అంటూ అత్తమ్మ చెయ్యి తలకింద పెట్టుకుని వాటి మీద పడుకుంది. సేల్స్‌మన్ నోరెళ్లబెట్టాడు.

తెల్లవి నచ్చక లేచింది. బూడిదరంగువాటి మీద ఒరిగి, మళ్లీ లేచింది. చివరికి, మేమెవరం చూడనైనా చూడని మట్టిరంగు టైల్స్ మీద పడుకుని ఎంతకీ లేవలేదు.

"ఎట్లున్నయే అమ్మా?" మా ఆయన వంగి అడిగాడు.

జవాబుగా సన్నటి గురక వినిపించింది.

సేల్స్‌మన్ చప్పుడు చేయకుండా పెన్ను తీసి, ఆ టైల్స్ నంబరు రాసుకున్నాడు.