చిన్నత్త పరీక్ష, బాబిలోను సంత

మొన్న సాయంత్రం వీధరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. పక్కనే మా మనవరాలు పరీక్షకి చదువుకుంటోంది. విజయనగరంలో నర్సింగు కాలేజీలో చేరి నాలుగు నెలలయింది దానికి. ఇంగ్లీషులో ఒక వాక్యం చదువుతుంది, దాన్ని తనకి తానే తెలుగులో చెప్పుకుంటుంది, మళ్ళీ మొదటికొస్తుంది. నర్సు చదువుకి మొదటి పాఠం చరిత్రేనట. నాడి పట్టుకోవడం కంటే ముందు, ఏ కాలంలో ఏ దేశంలో రోగుల్ని ఎవరు చూసుకునేవారో నేర్చుకోవాలి. "బాబిలోనులో జబ్బు చేసినవాళ్ళని సంతలో కూర్చోబెట్టేవారు" అని అది అనగానే నా చెయ్యి ఆగిపోయింది. "దారిన పోయేవాళ్ళంతా ఆగి, తమకి ఆ జబ్బు వచ్చినప్పుడు ఏం వాడారో చెప్పాలి, అంతేనా?" అన్నాను. అది పుస్తకం దించి నా వంక వింతగా చూసింది. "నీకెలా తెలుసు అమ్మమ్మా? నువ్వు అయిదో క్లాసే కదా!" అంది. పిల్ల తప్పేం లేదు, ఉన్న మాటే అంది. కానీ ఆ 'అయిదో క్లాసే కదా' నాకు గుచ్చుకుంది. ఈ వయసులో దాచుకోవడం దేనికి, నేను మొదట్నించీ కుళ్ళుబోతుదాన్ని. ఇప్పుడు మనవరాల్ని చూసి కుళ్ళుకుంటున్నాను. అప్పట్లో మా చిన్నత్తని చూసి కుళ్ళుకున్నాను.

చిన్నత్త మా నాన్నకి ఆఖరి చెల్లెలు. నాకన్నా ఏడేళ్ళు పెద్ద. ఎనిమిదో తరగతి దాకా చదివించి నౌపడలో ఉప్పుమడులు ఉన్న ఇంటికిచ్చారు. పెళ్ళయిన ఏడాదిలోపే ఆవిడ మొగుడు రంగం వెళ్ళాడు. రంగం అంటే రంగూను, మా వైపు అందరూ అలాగే అనేవారు. అక్కడ బియ్యం మిల్లులో పని. అంతలో యుద్ధం ముంచుకొచ్చింది. రంగం వెళ్ళినవాళ్ళు కొందరు అడవులు పట్టుకుని నెలల తరబడి నడిచి, ఎముకల గూళ్ళయి ఇళ్ళకి చేరారు. ఆయన రాలేదు. పోయాడన్న కబురూ లేదు, ఉన్నాడన్న కబురూ లేదు. చిన్నత్తని ఏమనాలో ఎవరికీ తెలియక, బొట్టు ఉంచి, పనికి మాత్రం మడుల్లోకి పంపేవారు. ఒకసారి చూడ్డానికి వెళ్ళిన నాన్న, ఉప్పునీళ్ళకి పగిలిపోయిన ఆవిడ పాదాలు చూసి అప్పటికప్పుడే వెంటబెట్టుకొచ్చేశారు. విజయనగరంలో దొరసానులు నడిపే ఆసుపత్రిలో నర్సు పని నేర్పుతున్నారని, పరీక్ష తెలుగులోనే రాయొచ్చని ఎవరో చెబితే అక్కడ చేర్పించారు. దానికి చిన్నత్త అత్తగారు ఒక షరతు పెట్టింది. మా వీధిలో నిలబడి, పదిమందీ వినేలా అన్న మాట నాకింకా చెవుల్లో ఉంది: "మా కోడలు మాకు బరువు కాదు మేస్టారూ. మడులకాడ మనుసులు సాలడం లేదు. మీ సదువేటో ఒక్క ఏడు సూస్తాను. పరీచ్చ తప్పిందా, నా కోడల్ని నాకు పంపీయాల." నాన్న సరేనన్నారు. మొదటి ఏడు పరీక్ష తప్పితే చిన్నత్త మళ్ళీ ఉప్పులోకే.

మా ఊరు శ్రీముఖలింగానికి కోసెడు దూరం. నాన్న బడిలో చెప్పేది లెక్కలూ తెలుగూ అయినా, పిచ్చంతా చరిత్ర మీదే. సెలవొస్తే చాలు, కాగితాలూ, బ్రష్షూ, సిరా ముద్దా పట్టుకుని గుడికి వెళ్ళి గోడల మీది శాసనాలకి అచ్చులు తీసేవారు. తడి కాగితం రాతికి అంటించి, బ్రష్షుతో అక్షరాల గుంటల్లోకి దిగేదాకా కొట్టి, ఆరుతుండగా సిరా అద్దితే, ఎప్పటిదో రాజుగారి మాట తెల్లగా తేలేది. కాగితం కొసలు పట్టుకోవడం నా పని. నాన్న ఆ రాజుల కథలన్నీ చెబుతుంటే, అవి నాకోసమే దాచి ఉంచారనుకునేదాన్ని. అయిదో తరగతి అయింది, నేను పెద్దమనిషినయ్యాను, గుడీ బడీ రెండూ ఒక్కరోజునే ఆగిపోయాయి. సరిగ్గా ఆ నెలలోనే చిన్నత్త రైలెక్కింది. ఆవిడ గడప దాటింది, నన్ను గడపలోపల కూర్చోబెట్టారు. ఎవరి ఖర్మ వారిది అనుకునేటంత బుద్ధి పన్నెండేళ్ళ పిల్లకి ఎక్కణ్ణించి వస్తుంది? ఆ పైన విజయనగరం నించి ఒక ఫోటో వచ్చింది. తెల్ల చీర, నెత్తిమీద తెల్ల గుడ్డతో మడిచిన టోపీ, చేతులు కట్టుకుని చిన్నత్త. నాన్న దాన్ని దేశపటం పక్కన మేకుకి తగిలించారు. నేను ఎవరూ చూడకుండా నాన్న తువ్వాలు మడిచి నెత్తిన పెట్టుకుని అద్దంలో చూసుకుంటే మామ్మ పట్టుకుంది. "ఏటే ఆ ఏసం! దించు, దించు" అని కేకలేసింది. టోపీ బాగా కుదిరింది నాకు. చిన్నత్తకన్నా బాగానే కుదిరింది.

వేసవి ముందు చిన్నత్త నించి ఉత్తరం వచ్చింది. కట్లు కట్టడం, పక్కలు వేయడం, జ్వరం చూడడం అన్నీ వచ్చాయట, చరిత్ర పాఠం మాత్రం తలకెక్కడం లేదట. దొరసాని తెలుగు అర్థం కావడం లేదట. "అన్నయ్యా, నాడి దొరుకుతాది గానీ ఈ దేశాలు దొరకడం లేదు" అని రాసింది. అడక్కుండానే చరిత్ర చెప్పే మనిషిని అడిగితే ఊరుకుంటారా? నాన్న పొంగిపోయారు. అయితే నాన్న రాత కోడి కెలికినట్టుంటుంది. అందుకని మూడు సాయంత్రాలు ఆయన వసారాలో పచార్లు చేస్తూ చెప్పడం, నేను సిరాబుడ్డి ముందు పెట్టుకుని రాయడం. "రాయవే. అమ్మా, ముందుగా ఈజిప్టు సంగతి" అని మొదలెట్టేవారు. ఆ 'అమ్మా' చిన్నత్తకి. నా చేత్తో నేనే రాయాలి.

ఈజిప్టువాళ్ళు శవాలకి మసాలాలు పూసి, పొడుగాటి గుడ్డలు చుట్టి దాచేవారట, కట్టు కట్టడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరట. బాబిలోనువాళ్ళు రోగిని సంతలో కూర్చోబెట్టేవారట. ఇక్కడ నాన్న ఆగి ఒక్కరే నవ్వుకున్నారు. అంతకు ముందు వారమే మా అమ్మ చిగుళ్ళు వాచి బుగ్గకి గుడ్డ కట్టుకుని సోమవారం సంతకి వెళ్తే, బెల్లం కొట్టువాడి దగ్గర్నించి గాజులమ్మేదాని దాకా తలో మందూ చెప్పారు. అమ్మ అన్నీ వాడింది, మూడోరోజుకి రెండో బుగ్గ కూడా వాచింది. తరవాత మన దేశం. రోగిని చూసుకునే మనిషికి నాలుగు గుణాలు ఉండాలని మన పాత వైద్యులు చెప్పారు: పని తెలిసి ఉండడం, చేతిలో నేర్పు, రోగి మీద ప్రేమ, శుభ్రత. ఇక కళింగాన్ని రక్తంలో ముంచిన చక్రవర్తి, మనసు మారాక ఇదే నేల మీద మనుషులకీ పశువులకీ వైద్యం ఏర్పాటు చేసి, మందు మొక్కలు నాటించిన సంగతి చెప్పేటప్పుడు నాన్న పచార్లు ఆపేశారు. నేను కలం ఎత్తి అలాగే ఉండిపోయాను. నాన్న నా ఎదురుగా నిలబడి, "అర్థమయిందా?" అన్నారు. ఎన్నాళ్ళకో నన్నడిగారని ఆనందంగా తలూపాను. "నువ్వు కాదే. ఇలా రాస్తే దానికి అర్థమవుతాదా అని" అన్నారు.

అంతే. లోపల భగ్గుమంది. ఆ సాయంత్రం సాపు రాస్తానని కాగితాలు తీసుకున్నాను. ముత్యాల్లాంటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా, సంతని ఈజిప్టుకిచ్చేశాను. మసాలా శవాల్ని బాబిలోనుకి పంపేశాను. పేర్లు రెండూ అటుదిటు, ఇటుదటు. మిగతాదంతా నాన్న చెప్పినట్టే రాశాను. నా రాత మీద నమ్మకం కొద్దీ నాన్న మళ్ళీ చదవనుకూడా లేదు, కింద సంతకం చేసి సోమవారం టపాలో వేసేశారు. రెండ్రోజులు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పాటలు కూడా పాడుకున్నాను.

మూడోనాడు చిన్నత్త అత్తగారు నౌపడ నించి వచ్చింది. మాకు ఏడాదికి సరిపడా ఉప్పు తెచ్చింది, కబుర్లు చెప్పింది, భోజనం చేసింది. వెళ్తూ వెళ్తూ ఉప్పు తెచ్చిన గంపని అరుగు మీద వదిలేసింది. మర్చిపోయిందేమోనని మామ్మ కేకేస్తే వెనక్కి తిరిగి, "ఉండనీ వదినా. కొత్తగంప. మా కోడలు కోసరమే అల్లించినాను. పరీచ్చ అవగానే అదే నెత్తినెట్టుకుని వస్తాది" అంది. కోపంగా అనలేదు, మామూలుగానే అంది. నేను ఆ గంప వంక చూశాను. పచ్చి వెదురు వాసన ఇంకా పోలేదు. టోపీ పెట్టుకున్న తల మీద ఈ గంప ఎలా ఉంటుందో ఒక్కసారి కళ్ళకి కట్టింది. నాన్నతో చెప్పేద్దామని మూడుసార్లు వసారాలోకి వెళ్ళాను. మూడుసార్లూ ఆయన ఎవరితోనో "మా చెల్లెలు, మా చెల్లెలు" అంటూనే ఉన్నారు. చెప్పకుండానే వెనక్కొచ్చేశాను. భయంవల్ల అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను గానీ, భయం సగమే. పరీక్ష రోజు నేను అన్నం తినలేదు. ఒంట్లో బాగులేదేమోనని మామ్మ నా చేత వాముకషాయం తాగించింది.

చిన్నత్త పాసయింది. చరిత్రలో మంచి మార్కులొచ్చాయని దొరసాని మెచ్చుకుందట. ఆ కబురు విన్నప్పుడు నాకు గుండెల్లో బరువు దిగినమాట నిజం. దిగిన చోట వెంటనే కుళ్ళు వచ్చి కూర్చున్నమాటా నిజమే. తరవాత ఆవిడ నాలుగు రోజులు సెలవు మీద వచ్చింది. గంప చూసి నవ్వి, మామ్మకిచ్చేస్తే, మామ్మ దాన్ని ఉల్లిపాయలకి పెట్టుకుంది. ఓ మధ్యాహ్నం పెరట్లో నా తలకి నూనె రాస్తూ, చిన్నత్త రొంటిన దోపుకున్న ఉత్తరం తీసి నా ఒళ్ళో పడేసింది.

"కోడలా, ఈ సంత ఈజిప్టుకి ఎప్పుడెల్లిందే?"

నేను తల తిప్పబోతే జడ పట్టుకుని ఆపింది. "కదలకు, నూని కారతాది" అంది.

"నీకెలా తెలిసింది?" అన్నాను.

"ఎలా తెలుస్తాదేటి? నువ్వు సంకలో ఉండగా మీ నాన్న సెప్పినాడు గదే ఈ కత. నువ్వు నా భుజం మీద సొల్లు కారుస్తన్నావు, నేను ఇంటన్నాను. దేశాలన్నీ మరిసిపోయినాను గానీ సంత మరవలేదు."

నాన్నతో ఎందుకు చెప్పలేదని అడగాలి నిజానికి. నేను అడగలేదు. నాకు తట్టింది ఒక్కటే: నాకోసమే దాచి ఉంచారనుకున్న కథలు నాకంటే ముందు ఈవిడకి చెప్పేశారా! ఏడుపొచ్చింది. పశ్చాత్తాపంతో ఏడుస్తున్నాననుకుంది పాపం చిన్నత్త. నా వీపు నిమిరి, "సాల్లే. నీ రాత బాగుంటాది. పేర్లు రెండూ దిద్ది ఇయ్యి. నా ఎనక సేరిన పిల్లలకి సూపించుకుంటాను" అంది. సిరా అయిపోయిందన్నాను. సిరాబుడ్డి కిటికీలో మాకు ఎదురుగానే ఉంది. ఆవిడ దానివంక చూసింది, నావంక చూసింది, మళ్ళీ నూనె రాయడం మొదలెట్టింది.

ఉత్తరం నా పెట్టెలో పడింది. నాతోపాటు అత్తవారింటికొచ్చింది. నా మొదటి కానుపు చిన్నత్త పనిచేసే ఆసుపత్రిలోనే అయింది. నేను మంచం కోళ్ళు పట్టుకుని కేకలు పెడుతుంటే, నా నడుం రాస్తూ, మొహం మొహంలో పెట్టి, "ఒసే, రోగిని సంతలో కూకోబెట్టిందెవరే?" అంది. "ఈజిప్టోళ్ళు!" అని అరిచాను. పంతం. ప్రాణం పోతున్నా పంతమే. అక్కడున్న నర్సులకి ఏమీ అర్థంకాకపోయినా చిన్నత్త విరగబడి నవ్వింది, ఆ నవ్వులోనే ఈ మనవరాలి తల్లి పుట్టింది. రంగం మొగుడు రానేలేదు. మడుల్లో కాలు తెగి అదే ఆసుపత్రికి వచ్చిన అత్తగారికి చిన్నత్తే ఆరువారాలు కట్లు కట్టింది. పెద్ద నర్సయి, పిల్లలకి పాఠాలు చెప్పి, జుట్టు నెరిసి ఉద్యోగం విరమించింది. ఎప్పుడు కలిసినా, ఎవరింట పెళ్ళయినా, చెవి దగ్గరకొచ్చి "దిద్దినావేటే?" అనేది. "లేదు" అనేదాన్ని. మొదట్లో కుళ్ళుతోనే అనేదాన్ని, ఆ తరవాత అదొక సరదా అయిపోయింది. దిద్దేస్తే ఇక అడగదు కదా అనిపించేది. పోయిన మాఘంలో చిన్నత్త పోయింది.

మొన్న చిక్కుడుకాయలు పక్కకి నెట్టి, లోపలికెళ్ళి పెట్టె అడుగు నించి ఆ ఉత్తరం తెచ్చి మనవరాలి చేతిలో పెట్టాను. మడతల దగ్గర చిరిగిపోతోంది. అది కూడబలుక్కుంటూ చదివి, "రాత ఎంత బాగుందో అమ్మమ్మా! కానీ ఇది తప్పు. సంత బాబిలోనుది కదా" అంది. అవునన్నాను. దాని చేతిలోంచి పెన్ను తీసుకుని, అరుగు మీదే కూర్చుని, రెండు పేర్లు కొట్టేసి రెండు పేర్లు రాశాను. ఈ వయసులోనూ అక్షరం చెడలేదు. అంతా కలిపి అర నిమిషం పట్టింది. ఆ అర నిమిషాన్ని చిన్నత్త నన్ను యాభై ఏళ్ళు అడిగింది.