కదిలింది ఆమె కాదు

ఇంగ్లండులో మా పడవ తిరగబడటానికి మా ఆవిడ కారణమని మేముంటున్న ఈ హామిల్టన్ ఊళ్ళో మన తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఆమె పడవలో కదిలింది, అందుకే బోల్తా పడ్డాం అని మూడేళ్ళుగా చెప్పుకుని నవ్వుతున్నారు. చెప్పింది నేనే. అది అబద్ధం.

నేను గోదావరి లంకలో పుట్టినవాణ్ణి. మీసాలు రాకముందు నుంచే రేవులో పడవ నడిపాను. గడ్డిమోపుల్ని, కొబ్బరికాయల్ని, ఒకసారి పెళ్ళివారిని బాజాలతో సహా దాటించాను. ఒక్కసారి కూడా నా పడవ మునగలేదు. నాకు చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే. చదువు లేదు. నాకు అరవై ఏళ్ళు దాటాక, ఇక్కడ హామిల్టన్‌లో కూతురి ఇంట్లో, బయట మంచు పడుతుంటే వంటింటి బల్ల దగ్గర మా ఆవిడ అక్షరాలు నేర్పింది. ఆమె ఐదో తరగతి దాకా చదివింది. ఆమె నేర్పిన అక్షరాలతోనే ఇప్పుడు ఇది రాస్తున్నాను.

మూడేళ్ళ కిందట అల్లుడు ఆఫీసు పని మీద ఇంగ్లండు వెళ్తూ మమ్మల్నీ, అమ్మాయినీ తీసుకెళ్ళాడు. పని అయ్యాక లేకులు చూపిస్తానని పల్లెటూళ్ళ వైపు కారు తిప్పాడు. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు, వాటి వెనక గొర్రెలు, సన్నటి తుంపర. కొండల మధ్య నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి. గోదావరికి బురద వాసన ఉంటుంది. ఈ నీళ్ళకు ఏ వాసనా లేదు. మా ఆవిడ ఒడ్డున వంగి దోసిలి ముంచి, "ఎంత తేటగా ఉన్నాయయ్యా, అడుగున రాళ్ళు లెక్కపెట్టొచ్చు" అంది. ఆమెకు నీళ్ళంటే ప్రాణం. మా పెళ్ళైన కొత్తలో వంట అయ్యాక రేవుకొచ్చి, ఊరికే నా పడవలో అటూ ఇటూ తిరిగేది.

చెక్క వంతెన దగ్గర పడవలు అద్దెకిచ్చే పెద్దావిడ ఉంది. ఉన్ని టోపీ, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. ఆవిడ అన్నదాన్ని అమ్మాయి తెలుగులో చెప్పింది.

"నాన్నా, లైఫ్ జాకెట్లు వేసుకోవాలట. కూర్చునే నడపాలట. మధ్యలో లేవకూడదట."

"నాకు చెబుతోందా పడవ సంగతి?"

"అందరికీ చెబుతుంది నాన్నా. ప్లీజ్, ఆర్గ్యూ చెయ్యకు."

అమ్మాయీ అల్లుడూ ఒక పడవలో ముందు వెళ్ళి, నీళ్ళ మధ్య ఉన్న చెట్ల దిబ్బ చాటుకు మళ్ళారు. మేమిద్దరం ఇంకో దాంట్లో ఎక్కాం. ఆ పడవ పద్ధతే వేరు. పోయే వైపుకు వీపు పెట్టి కూర్చుని రెండు తెడ్లు లాగాలి. పోయే చోటు కనపడకుండా నడపడం ఏం నడపడం? మేము వెనక నిలబడి, ఒక కాలు అంచుకు ఆనించి, గెడ వేసి తోసేవాళ్ళం. నది మొత్తం కళ్ళ ముందు ఉండేది. నాలుగు లాగులు లాగేసరికి పడవ వంకర తిరిగింది. వంతెన మీద ఎవరో నవ్వారు. నన్ను చూసే నవ్వారనుకుని లేవబోయాను.

"కూర్చోవయ్యా, ఆవిడ వద్దంది కదా" అంది మా ఆవిడ.

"నువ్వు నోరు మూసుకుని కూర్చో."

ఆమె రెండు చేతులతో రెండు అంచులూ పట్టుకుని బొమ్మలా కూర్చుంది. నేను ఒక తెడ్డు ఊడదీసి నిలబడ్డాను. అలవాటుగా కాలు అంచు మీద వేశాను. మా పడవలు అడుగున బల్లపరుపుగా ఉంటాయి, మనిషి బరువుకు చలించవు. ఇది గుండ్రటి పొట్టది. ఒక్క క్షణంలో ఆకాశం కాళ్ళ కిందికి వచ్చింది.

చెప్పడానికి సిగ్గుగా ఉన్న మాట ఇది. నీళ్ళలోంచి తల పైకెత్తగానే నా చెయ్యి పడవను పట్టుకుంది. ఆమెను కాదు. పడవ పోతే బతుకు పోతుందనే రోజుల్లో నేర్చుకున్న చెయ్యి అది. రెండు బారల దూరంలో మా ఆవిడ, ముడి ఊడిపోయి, కళ్ళు గట్టిగా మూసుకుని, నీళ్ళు మింగుతోంది. లైఫ్ జాకెట్టు ఆమెను తేల్చింది. టోపీ ఆవిడ బూట్లతోనే నీళ్ళలోకి దిగి ఆమెను ఒడ్డుకు లాక్కెళ్ళింది. నేను పడవను తీసుకొచ్చాను.

దుప్పట్లు కప్పి, వేడి టీ చేతికిచ్చారు. అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. "ఏమైంది నాన్నా? లేచావా?"

"మీ అమ్మ కదిలింది" అన్నాను.

మా ఆవిడ కప్పులోంచి తలెత్తి నన్ను చూసింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"అవునమ్మా. నేనే కదిలాను."

అక్కడితో ఆగినా బాగుండేది. ఇక్కడికొచ్చాక, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ భోజనాల్లో నేనే కథలా చెప్పాను. చదువుకోడానికొచ్చిన పిల్లలు, "ఆంటీ, మీరు ఎక్కితే స్టీమరు కూడా పల్టీ కొడుతుందంట కదా!" అనేవారు. ఆమె నవ్వుతూ వాళ్ళ ప్లేట్లలో ఇంకో గరిటె పప్పు వేసేది. నేనూ నవ్వేవాణ్ణి.

ఈ ఎండాకాలం అందరం కలిసి లేక్ ఒడ్డుకు పిక్నిక్ వెళ్ళాం. తొక్కుడు పడవలు అద్దెకు తీసుకున్నారు. మా ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పడవ వైపు రెండడుగులు వేసింది. "అమ్మా, నువ్వొద్దు, కదులుతావ్" అంది అమ్మాయి. అందరూ నవ్వారు. ఆమె కుచ్చిళ్ళు వదిలేసి, వెనక్కి వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. చుట్టూ మా అందరి చెప్పులు, బ్యాగులు. నేనూ అమ్మాయీ ఎక్కిన పడవ పోతుంటే నీళ్ళను చూస్తోంది.

నాకు ఇక కూర్చోబుద్ధి కాలేదు. "వెనక్కి తిప్పు" అన్నాను. ఒడ్డుకు చేరేలోపు అమ్మాయికి చెప్పేశాను. అది తొక్కడం ఆపేసింది. "త్రీ ఇయర్స్ నాన్నా. అమ్మ మీద పెట్టావా?" అంది.

నవ్వినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ధైర్యం నాకు లేదు, అందుకే రాశాను. రాసింది ముందు మా ఆవిడకే ఇచ్చాను. అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ చదివింది. రెండు చోట్ల వత్తులు దిద్దింది. నేను పడవను పట్టుకున్నానన్న చోట వేలు ఆగింది.

"ఇది నాకు తెలీదు" అంది.

కళ్ళు తెరిచాకైనా చూసే ఉంటుందనుకున్నాను ఇన్నాళ్ళూ.

"ఉంచనా, కొట్టేయనా?" అని అడిగాను.

ఆ మాట మీది నుంచి వేలు తీసింది. "ఉంచు" అని, కాగితాలు నా వైపు తోసి, శాలువా కప్పుకుని నడకకు బయల్దేరింది. రోజూ గుమ్మం దగ్గర ఆగి, "వస్తావా?" అంటుంది. ఇవాళ ఆగలేదు.