పడవకు చిన్న మోటారు

పండూ, నీ స్నేహితుడు కిరణ్ వాళ్లమ్మను చూసి ఈ రోజు నాకు కుళ్లు పుట్టింది. నార్సింగిలో వాళ్లింటికి వెళ్లేసరికి, చేపలు పట్టడానికి కొన్న చిన్న పడవకు ఏ మోటారు పెట్టాలా అని తల్లీకొడుకులు వాదులాడుకుంటున్నారు.

"పదిహేను హార్స్‌పవర్‌ది పెడితే గాల్లో పోతదమ్మా!"

"పడవ మీద పది దాటొద్దని రాసుంది గదరా. గాల్లో ఏడికి పోతవ్? ఇంటికి రా, చాలు. ఎనిమిదిదే తీస్కో."

వాడు సణుగుతూనే సరేనన్నాడు.

నువ్వు అప్పుడు నీ పడవకు నన్ను అడగకుండానే పెద్దది బిగించావు. ఆ బరువుకు వెనక భాగం కుంగి, పడవ నీతో సహా మునిగిపోయింది.

వాడు చల్లగా ఉండాలి. ఆ సణుగుడు వినే భాగ్యం ఆమెకే దక్కిందని నా ఏడుపు.

ఇలా కుళ్లుకోవడం తప్పేనా, పండు పేరు మీద భోజనానికి వచ్చిన మీరే చెప్పండి. తిట్టినా పడతాను. ముందు మాత్రం కడుపునిండా అన్నం తినండి.